మంచినీళ్ళ కుండ, వాడుక నీళ్ళ గోలెము

త్రాగు నీటికి మన భాషలో 'మంచినీళ్ళు' అని పేరు. బడి పిల్లవాడు మొదలు పండు ముదుసలి వరకు ఈ మాటను దినమునకు పదిసార్లు పలుకుదురు. మంచినీళ్ళు అని ఒక పేరు ఉన్నదనగా, మంచివి కాని నీళ్ళు కూడ ఆ ఇంటిలోనే ఉన్నవని అర్థము. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్ట పల్లెలలో ఈ రెంటికిని వేరు వేరు పాత్రలుండెడివి, వేరు వేరు బావులుండెడివి, వాటిని తెచ్చుటకు వేరు వేరు వేళలుండెడివి. ఆ ప్రాంతపు ఇండ్లలో నీటి పొదుపు ఎట్లు పుట్టినదో, అది ఎక్కడ మోసపోయినదో తెలిసికొనవలెనన్న ఈ రెండు పాత్రల యొద్దనే మొదలు పెట్టవలెను.

ముందుగా నేల సంగతి. ఈ జిల్లాలకు దక్షిణపు అంచున కృష్ణానది ప్రవహించుచున్నది. కాని నది లోతున, పల్లెలు మిట్టన ఉన్నవి. సాలీనా కురియు వాన సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును నాలుగు నెలలలో, కొన్ని పెద్ద వానలుగా కురిసి పోవును. క్రింద నల్లసరము, ఎర్రసరము గల గ్రానైటు రాయి. ఇసుక నేలవలె ఈ రాయి నీటిని పీల్చుకొని దాచదు. పైపొర చివికిన మేరకును, లోపల బీటలున్న మేరకును మాత్రమే నీరు నిలుచును. అందుచేతనే పూర్వులు వాన నీటిని చెరువులలో ఆపిరి. నల్లగొండను ఆనుకొనియున్న పానగల్లు వద్ద కందూరు చోడుల కాలమున వెలసిన ఉదయసముద్రము ఇట్టిదే. చెరువు పంటకు నీరిచ్చుట అందరకు తెలిసినదే. అది చేయు మరియొక మేలు ఇంటికి సంబంధించినది: చెరువు కట్ట క్రింది బావిలోనికి వాన నీరు నెమ్మదిగా ఇంకి వచ్చును. ఆ బావి నీరు రాతిలో ఏండ్ల తరబడి నానిన నీరు కాదు. ఇటీవల ఆకాశము నుండి దిగిన నీరు. ఇంటి ముందరి బావిని విడిచి అరమైలు దూరమున నున్న చెరువు క్రింది బావికి ఆడువారు బిందెతో నడచుటకు కారణమిదే. ఎండకాలమున చెరువు ఎండిన పిదప వాగు ఇసుకలో చెలిమె త్రవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి, గుడ్డతో వడగట్టి తెచ్చెడివారు.

ఇంత దూరము నుండి నెత్తిన వచ్చిన నీటికి విలువ కట్టుట ఎవరును నేర్పనక్కరలేదు. లెక్క చూడుడు. ఒక బిందెకు సుమారు 12 లీటర్లు అనుకొందము. ఐదుగురున్న ఇంటికి దినమునకు పది బిందెలు వచ్చినవనుకొన్నను మనిషికి 24 లీటర్లే. నేడు పట్టణములో ఒకరు నల్లా విప్పి చేసెడి స్నానమునకే ఇంతకు మించి పోవును.

కాబట్టి ఇంటిలో నీరు ఒకసారి వాడి పారబోయు వస్తువు కాక, ఒక పని నుండి మరియొక పనికి దిగి పోవు వస్తువయ్యెను. మంచినీళ్ళు వంటింటిలో కుండలోనో రంజనులోనో ఉండును. దాని క్రింద ఇసుక పరపు. కుండ చెమర్చినప్పుడు ఆవిరియైన ప్రతి గ్రాము నీరు సుమారు 580 కెలొరీల వేడిని తీసికొని పోవును, అందువలననే లోపలి నీరు చల్లబడును. ఈ చల్లదనమునకై కొంత నీటిని ఖర్చు పెట్టుట ఒక్కటే ఆ ఇంటి వారు ఒప్పుకొన్న విలాసము! వాడుక నీళ్ళు పెరటిలో గోలెములో ఉండును. బియ్యము కడిగిన నీరు కుడితి తొట్టిలోనికి పోయి పశువుకు చేరును. గంజి ఉప్పు వేసికొని త్రాగుదురు. అంట్లు బూడిదతో తోమి, ముందు ఒక పాత్రలోని నీటిలో ముంచి, పిదప కొద్ది తేట నీటితో తొలుతురు. జాలారులో స్నానము చేసిన నీరు కాలువ వెంట బోయి అరటి మొదటనో కూరపాదు మొదటనో ఇంకును. పెండ్లి పేరంటములలో మోదుగాకు విస్తళ్ళు వాడుటలో గల సుఖము ఇప్పటి వారికి తెలియకపోవచ్చును. నూరు మంది భోజనమునకు కడుగవలసిన కంచమొక్కటియు లేదు.

ఈ పద్ధతిలో ఒక శాస్త్రమున్నది. ఏ పనికి ఎంత శుద్ధమైన నీరు కావలెనో అంత శుద్ధమైన నీటినే దానికి వాడుట. త్రాగుటకును వండుటకును మనిషికి దినమునకు ఏడెనిమిది లీటర్లు చాలును. తక్కినదంతయు రెండవ తరగతి నీటితో గడచును. కాని ఏది మంచినీరో తేల్చుట ఎట్లు?

దీనికి ఇల్లాండ్రు మూడు పరీక్షలు పెట్టుకొనిరి. మొదటిది నాలుక: ఉప్పగానో చేదుగానో ఉన్న నీరు పనికిరాదు. రెండవది పప్పు: కందిపప్పు మెత్తగా ఉడికిన నీరు మంచినీరు, గంటసేపు పొయ్యి మీద నున్నను పలుకు విడువనిచో అది ఉప్పునీరు. మూడవది సబ్బు: నురుగు వచ్చిన నీరు మంచిది. ఈ పరీక్షలను చూచి నవ్వవలసిన పని లేదు. కాల్షియము, మెగ్నీషియము లవణములు హెచ్చుగా నున్న నీటిని కఠిన జలమందుము. ఆ కాల్షియము పప్పు గింజలోని పెక్టిను అను పదార్థముతో కూడి దానిని బిగియ జేయును. సబ్బుతో కూడి తెట్టెగా విరుగగొట్టును. అనగా పొయ్యి మీది పప్పు కుండయే ఒక రసాయన పరీక్షనాళిక. వేల ఏండ్ల అనుభవముతో కుదిరిన ఈ పరీక్ష కఠినత్వము విషయమున చక్కగా పనిచేయును.

సరిగా ఇక్కడనే ఆ ఇల్లు మోసపోయినది.

గ్రానైటు రాతిలోని ఫ్లోరైటు, ఎపటైటు, బయోటైటు వంటి ఖనిజములలో ఫ్లోరిను ఉన్నది. రాతి బీటలలో నీరు చాలకాలము నిలిచినప్పుడు అది ఫ్లోరైడుగా నీటిలోనికి దిగును. నీటిలో కాల్షియము సమృద్ధిగా ఉన్నచో ఫ్లోరైడు దానితో కూడి, సులభముగా కరగని కాల్షియము ఫ్లోరైడుగా అడుగునకు దిగిపోవును. అట్లుగాక సోడియము, బైకార్బొనేటులు మిక్కుటముగా నున్న నీటిలో కాల్షియమే సున్నపు గులకలుగా నేలలో పేరుకొనిపోవును. దానిని పట్టి ఉంచు కాల్షియము లేనందున ఫ్లోరైడు నీటిలో స్వేచ్ఛగా నిలిచిపోవును. దీని పర్యవసానము చూడుడు. కాల్షియము తక్కువగా నున్న నీటిలో పప్పు ఉడుకును, సబ్బు నురుగు వచ్చును. ఫ్లోరైడునకు వాసన లేదు, రంగు లేదు, ఆ కొద్ది పాళ్ళలో రుచియును లేదు. ఇల్లాలు పెట్టిన మూడు పరీక్షలలోను ఆ నీరు నెగ్గి, మంచినీళ్ళ కుండలోనికే చేరగలదు! గోలెములో ఉండవలసిన నీరు కుండలోనికి వచ్చినను చెప్పు సాక్షి ఇంటిలో లేదు. సాక్ష్యము పిల్లల పండ్లలో ఏడెనిమిదేండ్లకు కనబడును. పెద్దల వెన్నెముకలో ఇంకను ఆలస్యముగా కనబడును.

పండ్ల మీది గోధుమ రంగు చారలకు కారణమును ప్రపంచము ఆలస్యముగానే తెలిసికొనెను. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్సు పట్టణమున 1901లో వైద్యము ప్రారంభించిన దంతవైద్యుడు ఫ్రెడరికు మెకే ఈ చారలను గమనించి, ముప్పది ఏండ్లు దాని వెంటబడెను. నీటిలోనే ఏదో ఉన్నదని అతడు ఊహించెను గాని, అది ఏదో 1931లో చర్చిలు అను రసాయనజ్ఞుడు చెప్పువరకు తేలలేదు. మరుసటి సంవత్సరము కోపెనుహేగెనులో క్రయొలైటు ధూళి పీల్చిన కార్మికుల ఎముకలలో ఇదే ఫ్లోరిను చేసిన మార్పులను డెన్మార్కు వైద్యులు వర్ణించిరి. 1937లో షార్టు, అతని సహచరులు మద్రాసు రాజధానిలోని తెలుగు పల్లెలలో, నాటి నెల్లూరు జిల్లాలో, త్రాగు నీటి వలననే ఎముకలు బిగిసికొనిపోవు వ్యాధిని ప్రకటించిరి. మన నల్లగొండ పేరు 1955లో డాక్టరు సిద్దిఖీ వ్రాసిన వ్యాసముతో బ్రిటిషు మెడికలు జర్నలు పుటలకు ఎక్కెను. మెడ తిప్పలేనివారు, నేల మీద కూర్చుండి లేవలేనివారు, నడుము వంగి కఱ్ఱతో నడచువారు ఆ ప్రాంతమున ఉండుటకు ఊరి శాపమో పూర్వజన్మ పాపమో కారణము కాదని, బావి నీరు కారణమని వైద్యశాస్త్రము నిర్ధారించెను.

తరువాత తెలిసిన సంగతులు ఇంటికి మరింత దగ్గరవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ఫ్లోరోసిసు గల ప్రాంతపు పిల్లలలో మోకాళ్ళు లోనికి వంగి ఒకదాని నొకటి తాకు వికృతిని వివరించిరి. జొన్న తినువారి దేహము బియ్యము తినువారి దేహము కంటె ఫ్లోరైడును హెచ్చుగా నిలుపుకొనునని 1977లో ఆ సంస్థ పరిశోధనలలో తేలెను. నల్లగొండ, పాలమూరు పేద ఇండ్లలో నాడు జొన్నయే తిండి. ఎండలో కూలిపని చేయువాడు దినమునకు నాలుగైదు లీటర్లు త్రాగును. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్నచో, కూటి సంగతి విడిచినను, నీటితోనే 20 మిల్లీగ్రాములు లోనికి పోవును. త్రాగు నీటిలో 1 మిల్లీగ్రాముకు మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. ఈ ప్రాంతపు కొన్ని బావులలో అది 10 మిల్లీగ్రాములను దాటినది.

మరియొక విపరీతము. క్రిములను చంపుటకు నీటిని కాచుమని మనము పిల్లలకు నేర్పుదుము. అది నిజమే. కాని కాచినచో ఫ్లోరైడు ఆవిరియై పోదు. లీటరుకు 4 మిల్లీగ్రాములు గల ఐదు లీటర్ల నీటిని నాలుగు లీటర్లగునట్లు మరిగించినచో, మిగిలినది లీటరుకు 5 మిల్లీగ్రాములు గల నీరు. గంజిని పారబోయని పొదుపరి ఇల్లాలు అన్నము వండిన నీటిలోని ఫ్లోరైడును కూడ పారబోయలేదు. 1960ల పిదప పల్లె పల్లెకు వచ్చిన బోరింగులు కలరా, నారికురుపు వంటి వ్యాధుల నుండి కాపాడినవి, ఆడువారి నడక తగ్గించినవి. కాని అవి రాతిలో లోతునకు దిగి, చాలకాలము నిలిచిన నీటిని పైకి తెచ్చినవి. ఇంటి ముందర బోరింగు ఉండగా చెరువు క్రింది బావికి ఎవరు నడతురు? ఒక మేలు మరియొక కీడునకు తలుపు తీసినది. దీనికి ఎవరినైనను నిందించుట నాకు న్యాయముగా తోచదు. నాటికి ఊరూరను నీటిని పరీక్షించు ఏర్పాటు లేకుండెను.

ఈ చిక్కును విప్పుటకు నాగపూరులోని జాతీయ పరిశోధనాలయము పూనుకొనెను. 1958లో కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధన సంస్థగా స్థాపింపబడి, 1974లో 'నీరి' అను పేరు పొందిన సంస్థ ఇది. మొదట వారు గంధకికామ్లముతో సంస్కరించిన బొగ్గును వాడి చూచిరి. దానికి డిఫ్లోరాను-2 అని పేరు. అది ఫ్లోరైడును పట్టెను గాని, శక్తి ఉడిగినప్పుడెల్ల దానిని పటిక ద్రావణముతో తిరిగి సిద్ధము చేయవలెను. అందులకు నేర్పరియైన పనివాడు కావలెను. అంతలో ఒక ఆలోచన: పటిక జాతి లవణమే ఫ్లోరైడును పట్టునప్పుడు నడుమ బొగ్గు ఎందులకు? అట్లు పుట్టిన పద్ధతియే 1975లో నౌలఖే, కులకర్ణి, పాఠకు, బులుసు అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన 'నల్లగొండ టెక్నిక్'. వ్యాధి పేరుతో ప్రపంచమునకు తెలిసిన జిల్లా, దాని విరుగుడు పేరుతో కూడ తెలిసినది.

ఈ పద్ధతికి యంత్రము లేదు. నలుబది లీటర్లు పట్టు ఒక తొట్టి, అడుగునకు మూడు నాలుగు అంగుళీల పైన ఒక కొళాయి, ఒక తెడ్డు. నీటిలో మొదట కొద్ది సున్నము, బ్లీచింగు పొడి వేసి కలుపుదురు. పిదప అల్యూమినియము సల్ఫేటు ద్రావణము పోసి పది నిమిషములు త్రిప్పుదురు. తెల్లని దూదిపింజల వంటి అల్యూమినియము హైడ్రాక్సైడు ఏర్పడి, ఫ్లోరైడును తనతో పట్టుకొని, ఒక గంటలో అడుగునకు దిగును. పై తేటను కొళాయి ద్వారా మంచినీళ్ళ కుండలోనికి పట్టుకొనవచ్చును. పూర్వము ఇండ్లలో బురద నీటిని తేర్చుటకు కుండ లోపల చిల్లగింజ అరగదీసెడివారు, లేదా పటిక త్రిప్పెడివారు. క్రొత్త పద్ధతి ఆ అలవాటునకు చుట్టమే. భేదమెల్ల మోతాదులో ఉన్నది: బురద తేరుటకు చిటికెడు చాలును, ఫ్లోరైడునకు లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు కావలెను. మనిషికి 8 లీటర్ల చొప్పున ఐదుగురికి 40 లీటర్లు. అనగా ఒక్క తొట్టి. బోరింగు నీటినంతయు శుద్ధి చేయనక్కరలేదు, నోటిలోనికి పోవు నీటిని చేసిన చాలును. ముసలమ్మల రెండు పాత్రల ధర్మమే పరిశోధనాలయము నుండి తిరిగి ఇంటికి వచ్చినది. ఆఫ్రికాలోని టాంజానియాలో కూడ, అగ్నిపర్వతపు నేలల నీటిలోని ఫ్లోరైడును తీయుటకు రెండు బకెట్లతో ఈ పద్ధతిని ఇండ్లలో వాడి చూచిరి.

మరి ఇంత సులువైన పద్ధతి ఇంటింట ఎందుకు నిలువలేదు? దీని మీద రసాయన కారణములు చెప్పువారున్నారు. అవి నిజమే. ఎంత మందు వేయవలెనన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును బట్టియే గాక క్షారగుణమును బట్టి కూడ మారును. ఏ బావికి ఆ కొలత వేరు, ఋతువును బట్టి కూడ కొంత మారును. తక్కువైనచో ఫ్లోరైడు మిగులును. సున్నము సరిపడనిచో నీరు పులియును, అల్యూమినియము మిగిలిపోవును. అడుగు బురదలో పట్టుబడిన ఫ్లోరైడంతయు ఉన్నది. దానిని పెరటిలో కూరపాదుకు పోయు అలవాటే ఇంటి వారిది! అయినను నా దృష్టిలో అసలు కారణము తెడ్డు పట్టిన చేయి. తెల్లవారుజామున లేచి, నీరు తెచ్చి, పొయ్యి ముట్టించి, కూలికి పోవలసిన స్త్రీకి మరియొక గంట పని చేర్చితిమి. ఆ శ్రమకు ఫలము రేపో మాపో కనబడునది కాదు. కనబడకుండుటయే దాని ఫలము. పటిక పొడి అయిపోయిన నాడు తెచ్చి ఇచ్చువారు, కొలత చెప్పువారు ఊరిలో ఉండవలెను. వారు లేనిచోట తొట్టి తిరిగి వాడుక నీళ్ళ గోలెముగా మారిపోయినది.

కృష్ణ కథ వేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు పునాది రాయి వేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. మిర్యాలగూడ వైపు పొలములు పచ్చబడినవి. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ మిట్టలు ఎప్పటివలెనే ఉండిపోయినవి. దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినను మట్టి మోయుటకు పోయిన పాలమూరు కూలీలు, సెలవునకు ఇంటికి వచ్చి తమ చెలిమె నీరే త్రాగిరి. 2004లో కృష్ణ నీరు పెద్ద గొట్టములలో నల్లగొండ జిల్లా మీదుగా హైదరాబాదు నగరమునకు పోవ మొదలిడెను. ఆ గొట్టముల ప్రక్కనే నిలిచి బోరింగు కొట్టిన వారి మనస్సు ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును.

ఈ నడుమనే వేరొక పాత్ర ఇంటిలోనికి వచ్చెను: ఇరువది లీటర్ల ప్లాస్టికు డబ్బా. ఊరిలో ఒకరు ఆర్.ఓ. యంత్రము పెట్టి నీరు అమ్ముదురు. సన్నని పొర గుండా నీటిని బలముగా నెట్టినచో లవణములును ఫ్లోరైడును వెనుక నిలిచిపోవును. పద్ధతి గట్టిదే, కాని ఇంటిలో పెట్టుకొను చిన్న యంత్రము ఒక లీటరు శుద్ధ జలమునకు సాధారణముగ రెండు లీటర్లో, అంతకు మించియో ప్రక్క గొట్టము గుండా పారబోయును. ఆ పారు నీటిలో ఫ్లోరైడు మొదటి కంటె చిక్కగా ఉండును. దానిని బకెట్లో పట్టి ఇల్లు తుడుచుటకు, మరుగుదొడ్డికి వాడుట మేలు; పశువుల తొట్టిలోనికి, కూరపాదునకు పోనీయరాదు.

2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ ప్రారంభమయ్యెను. కృష్ణా గోదావరుల నీటిని శుద్ధి చేసి ఇంటింట నల్లాకు ఇచ్చుట దాని పని. పల్లెలలో మనిషికి దినమునకు 100 లీటర్లు లక్ష్యము. రాష్ట్రమున 2015లో తొమ్మిది వందలకు పైగా నున్న ఫ్లోరైడు పీడిత ఆవాసములు 2020 నాటికి సున్నకు వచ్చినవని ప్రభుత్వ లెక్క. పానగల్లు ఉదయసముద్రములో నేడు నిలుచునది వాన నీరొక్కటే కాదు, కాలువ ద్వారా వచ్చిన కృష్ణ నీరు కూడ. వంగిన ఎముక మరల నిటారు కాదు గాని, పుట్టబోవు పిల్లల పండ్లు తెల్లగా వచ్చును.

అయినను ఆ ఇండ్లలో నేటికిని రెండు నీళ్ళున్నవి. నల్లా నీరు ఒక వేళకు వచ్చి పోవును. బోరు మోటారు మీట నొక్కిన చాలును. నల్లా నీరు డ్రమ్ములో పట్టి, దానితోనే బట్టలు ఉతికి, వాకిలి చల్లి, సాయంకాలము వంటకు బోరు నీరు వాడిన ఇంటిలో కృష్ణ నీరు జాలారు పాలయి, రాతి నీరు కుండ పాలగును. నల్లా నీటిని ముందు కుండకు, పిదపనే గోలెమునకు పట్టిన ఇంటిలో, గొట్టము పగిలి రెండు దినములు నీరు రాకున్నను త్రాగుటకు కొదువ లేదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. జిర్కోనియము లవణమును అలిజరిను రంగుతో కలిపిన ద్రావణము గులాబి వన్నెగా ఉండును. ఫ్లోరైడు గల నీటిలో కొన్ని చుక్కలు వేసినచో, ఫ్లోరైడు జిర్కోనియమును లాగుకొనును. గులాబి వన్నె ఫ్లోరైడు హెచ్చిన కొలది పసుపునకు తిరుగును. నీటిని పరీక్షించు పెట్టెలలో ఈ ద్రావణము, వన్నెలు పోల్చి చూచుటకు ఒక కాగితము ఉండును. పిల్లలను తమ ఇంటి నుండి రెండు సీసాలు తెమ్మనవలెను: ఒకటి వంటింటి కుండ నుండి, రెండవది పెరటి గోలెము నుండి. ఏ సీసా ఏ పాత్రదో పేరు వ్రాసి అతికించి, పరీక్ష చేసి, రెండు నాళికలను కిటికీ వెలుగులో ప్రక్క ప్రక్కన నిలుపవలెను. కుండ సీసా పసుపు వన్నె చూపిన పిల్లవాని ఇంటికి ఆ సాయంకాలమే పోయి, నీరు ఏ వేళ ఎక్కడ పట్టుచున్నారో అడుగవలెను.